కోసిన తూటాలు, మైనం పోసిన తూటాలు: కాల్చి చూడొచ్చా?

మీరు అడిగింది ఇది. అమెరికాలో ఒక పాత పొలం ఇల్లు కొన్నారు. అటక మీద 12 గేజ్ (గొట్టం సైజు) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల, షాట్‌గన్ ఒకటి, దాని పక్కన అట్టపెట్టెలో కాగితపు తూటాలు దొరికాయి. వాటిలో కొన్నిటికి నడుం చుట్టూ కత్తిగాటు ఉంది. పక్క పొలం పెద్దాయన చూసి, "ఇవి కట్ షెల్స్, మా నాన్న వీటితోనే జింకను కొట్టేవాడు" అన్నారు. ఇంటర్నెట్‌లో కూడా జనం వీటిని కాల్చి చూపిస్తున్నారు. పాతవాళ్లకు ఏమీ కానప్పుడు మనం ఒకటి రెండు కాల్చి చూస్తే ఏమవుతుంది అన్నారు.

కాల్చకండి. గాటు లేని పాత తూటాలు కూడా కాల్చకండి. తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ చూసి సరే అనేదాకా ఆ తుపాకీలో కొత్త తూటా కూడా పెట్టకండి. నేను చాలా ఏళ్లుగా షాట్‌గన్ రేంజ్‌లో సేఫ్టీ చూస్తున్నాను, కొత్తగా వేటకు వెళ్లేవాళ్లకు క్లాసులు చెబుతాను. ఈ ప్రశ్న తరచుగా వస్తుంది, అడిగేవాళ్లు సరదా కొద్దీ అడుగుతారు తప్ప చెడ్డ ఉద్దేశంతో కాదు. వద్దు అని ఒక్క మాట అనేసి ఊరుకుంటే ఆ సరదా అలాగే ఉండిపోతుంది. అందుకే గొట్టం లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాస్తున్నాను. ఎలా తయారు చేస్తారన్నది మాత్రం రాయను.

ఈ ఉపాయాలు లేమిలోంచి పుట్టాయి. 1929 తర్వాత వచ్చిన మహామాంద్యంలో అమెరికా పల్లెల్లో చాలా ఇళ్లకు ఉన్నది ఒకే షాట్‌గన్, అదీ ఎక్కువగా ఒక్కో తూటా పెట్టి కాల్చే సింగిల్ షాట్. జేబులో ఉండేవి కుందేళ్లకూ పిట్టలకూ వాడే, పెల్లెట్లు అనే సన్న సీసపు గుళ్లు ఉన్న తూటాలు. ఆ పెల్లెట్లు దూరం పోయేకొద్దీ చెదిరిపోతాయి, పెద్ద జంతువు ఒంట్లోకి లోతుగా దిగవు. జింకను కొట్టాలంటే బరువైన ఒకే గుండు ఉండాలి. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెనెకె 1898లోనే షాట్‌గన్‌కు పనికొచ్చే అలాంటి గుండు, అంటే స్లగ్, చేశాడు. అమెరికాలో కార్ల్ ఫాస్టర్ తన స్లగ్‌ను రూపొందించింది 1931లో. అంతకుముందు అక్కడ దొరికేది గుండ్రటి సీసపు గుండు, దాని గురి అంతంతమాత్రం. స్లగ్‌లు వచ్చాక కూడా వాటి కోసం విడిగా ఇంకో పెట్టె కొనే స్తోమత చాలామందికి లేదు. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు పెల్లెట్లు చెదరకుండా ఒకే గుండులా పోవాలని చేతిలో ఉన్న తూటానే కత్తితో గాటు పెట్టి కాల్చారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ వాళ్లు ఆ ప్రమాదానికి సిద్ధపడింది వేరే దారి లేక. మీకు దారి ఉంది, కొట్లో స్లగ్ దొరుకుతుంది.

ఇప్పుడు తూటా సంగతి. వెనకాల ఇత్తడి టోపీ, దాని మధ్యలో దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మందు మీద వ్యాడ్ అనే అడ్డుబిళ్ల, వ్యాడ్ మీద పెల్లెట్లు, పైన మడత పెట్టి మూసిన మూతి. ఆ మడతనే క్రింప్ అంటారు. తుపాకీలోని సూది (ఫైరింగ్ పిన్) ప్రైమర్‌ను కొట్టగానే మందు అంటుకుంటుంది. నేటి పొగలేని మందుకు ఒక గుణం ఉంది: ఒత్తిడి పెరిగేకొద్దీ అది ఇంకా త్వరగా కాలుతుంది, త్వరగా కాలేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పెల్లెట్లు కొద్ది సెంటీమీటర్లు కదిలేలోపే ఒత్తిడి శిఖరానికి చేరుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం మామూలు 12 గేజ్ తూటాకు గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. కారు టైరులో ఉండేది 32 దగ్గర అని గుర్తు చేసుకుంటే ఇది ఎంతో తెలుస్తుంది. రైఫిల్‌లో అయితే 60,000 దాటి కూడా ఉండొచ్చు, అందుకే రైఫిల్ గొట్టం అంత మందం. షాట్‌గన్ గొట్టం, తూటా కూర్చునే ఛాంబర్ దగ్గర మందంగా ఉండి, ముందుకు పోయేకొద్దీ పలచబడి ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా మిగులుతుంది. ముందుకు పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి మామూలుగా ఆ మందం సరిపోతుంది. దారిలో ఏదైనా అడ్డుపడిందో, ఆ లెక్క మొత్తం తప్పుతుంది.

ఈ కొలతలు కూడా చూడండి. 12 గేజ్ ఛాంబర్ మూతి దగ్గర లోపలి వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు. గొట్టం లోపలి వ్యాసం 18.5. మధ్యలో సన్నబడే భాగం ఫోర్సింగ్ కోన్. చివర చోక్ అనే బిగింపు ఉంటే ఇంకా తగ్గుతుంది, ఫుల్ చోక్‌లో 17.6 దగ్గరకు వస్తుంది. మామూలుగా కాల్చినప్పుడు తూటా పైతొడుగు, అంటే డొప్ప, ఛాంబర్‌లోనే ఉండిపోతుంది, దాని మూతి తెరుచుకుని పెల్లెట్లూ వ్యాడూ మాత్రమే ముందుకు పోతాయి. డొప్ప గొట్టంలోకి పోయేలా దాన్ని ఎవరూ తయారు చేయలేదు.

కట్ షెల్‌లో జరిగేది సరిగ్గా అదే. గాటు దగ్గర డొప్ప తెగి, ముందు సగం పెల్లెట్లను పొట్లంలా పట్టుకుని గొట్టంలోకి దూరుతుంది. 20 మిల్లీమీటర్ల వస్తువు 18.5 దారిలోకి, తర్వాత చోక్ ఉంటే 17.6 దారిలోకి నలుగుతూ పోవాలి. పాత కాగితపు డొప్ప మెత్తన, చాలాసార్లు నలిగి బయటపడేది. ప్లాస్టిక్ డొప్పలు అమెరికాలో 1960 నుంచి వచ్చాయి. అవి ఎలా నలుగుతాయో, ఎక్కడ చిరుగుతాయో తూటా తూటాకూ మారుతుంది. గాటు లోతు ఒక వెంట్రుకవాసి తేడా వచ్చినా తెగే తీరు మారిపోతుంది.

ఒత్తిడి ఎక్కువై ఆ క్షణంలోనే తుపాకీ పేలిపోతుందేమో అని అందరూ భయపడతారు. నా భయం అది కాదు. ఆ తూటా మామూలుగానే కాలినట్టు అనిపించడమే నాకు ఎక్కువ భయం. శబ్దం వస్తుంది, భుజానికి దెబ్బ తగులుతుంది, పెల్లెట్లు బయటికి పోతాయి. కానీ డొప్ప ముందు సగం పెల్లెట్లతో పాటు పోకుండా, ఖాళీ గొట్టపు ముక్కలా మారి బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. కాల్చినవాడికి తెలియదు. ఖాళీ డొప్ప బయటికి తీసి చూస్తే అది పొట్టిగా ఉంటుంది, కానీ కట్ షెల్‌లో అది ఎలాగూ పొట్టిగానే ఉండాలి కాబట్టి అనుమానం రాదు. తర్వాతి తూటా పెడతాడు. ఈసారి 30 గ్రాముల సీసం వేగంగా వచ్చి ఆ ముక్కను గుద్దుకుంటుంది. అదృష్టం ఉంటే గొట్టం ఆ చోట ఉంగరంలా ఉబ్బి ఆగుతుంది. లేకపోతే చీలుతుంది. అడ్డు ఛాంబర్‌కు కాస్త ముందుగా ఉంటే, చీలే చోట సరిగ్గా ఎడమ చెయ్యి ఉంటుంది.

ఉబ్బిన గొట్టాన్ని బయటి నుంచి చూస్తే చాలామందికి ఏమీ కనబడదు. తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ విడదీసి, వెనక వైపు నుంచి కిటికీ వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపల మెరిసే గోడ మీద ఒకచోట నల్లటి వలయం కనిపిస్తుంది. మెల్లగా తిప్పినా ఆ వలయం కదలదు. బయట ఆ చోట రెండు వేళ్లతో నిమిరితే సన్నగా ఎత్తు తగులుతుంది. క్లాసుల్లో చూపించడానికి అలాంటి బ్యారెల్ ఒకటి దగ్గర పెట్టుకున్నాను. కుర్రాళ్లు దాన్ని పట్టుకుని వేలితో తడిమాక ఇంకో ప్రశ్న అడగరు.

మీది డబుల్ బ్యారెల్ కాబట్టి ఇంకో విషయం. ఒక గొట్టం కాల్చినప్పుడు వచ్చే కుదుపు రెండో గొట్టంలోని తూటాకూ తగులుతుంది. మామూలు తూటా తట్టుకుంటుంది. గాటు పెట్టిన తూటా అక్కడే విడివడి, ముందు సగం కాస్త జారి కోన్ దగ్గర కూర్చోవచ్చు. అప్పుడు మందుకూ పెల్లెట్లకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది, ఆ ముక్కే గొట్టంలో అడ్డుగా మారుతుంది. ఇక పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో అయితే తూటాలు ట్యూబ్‌లో ఒకదాని వెనక ఒకటి స్ప్రింగ్ ఒత్తిడి మీద ఉంటాయి. గాటు ఉన్న తూటా అక్కడే వంగుతుంది, లేదా పైకి ఎక్కేటప్పుడు విరిగి పెల్లెట్లన్నీ ట్రిగ్గర్ లోపలి భాగాల్లో పడతాయి. ప్రైమర్, మందు ఉన్న సగం ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయబోయే మనిషిని తలచుకుంటేనే నాకు టెన్షన్.

మైనం ఉపాయం దీనికి తోబుట్టువు. డొప్పను కోయకుండా, పెల్లెట్లను మైనంతో ముద్ద చేసి ఒకే గుండులా పంపడం. గొట్టంలో డొప్ప ఇరుక్కోదు కాబట్టి ఇది సేఫ్ అని కొందరు వాదిస్తారు. ఒక ప్రమాదం తగ్గిన మాట నిజమే, బదులుగా వేరేవి వచ్చాయి. మందు, ప్రైమర్ ఉన్న తూటా పక్కన వేడి మైనంతో పని చేయడమే మొదటి తప్పు. తర్వాత, పెల్లెట్లు విడిగా ఉన్నప్పుడు చోక్ దగ్గర సర్దుకుంటూ పోతాయి. ముద్దగా ఉన్నప్పుడు సర్దుకోవు. మైనం బరువు కూడా తోడై, ఆ మందుకు లెక్క కట్టిన బరువు దాటుతుంది. చలిలో మైనం పెళుసు, ఎండలో మెత్తన. వేసవిలో మూసిన కారులో పెట్టిన తూటాలో మైనం కరిగి వ్యాడ్ పక్కగా మందులోకి దిగితే, ఆ మందు సగం కాలి ఆగిపోవచ్చు. అలా బలం చాలని తూటాను స్క్విబ్ అంటారు. వ్యాడ్ గొట్టం మధ్యలో నిలిచిపోతుంది, మళ్లీ అదే కథ.

రేంజ్‌లో నేను అందరికీ చెప్పేది ఇక్కడా చెబుతాను. "ధడ్" అనాల్సిన చోట "టప్" అంటే ఆగిపోవాలి. ట్రిగ్గర్ నొక్కినా ఏమీ కాలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, కొన్నిసార్లు ప్రైమర్ ఆలస్యంగా అంటుకుంటుంది. తర్వాత తూటా తీసేసి, గొట్టం ఆ చివర నుంచి ఈ చివర దాకా వెలుతురు కనిపిస్తోందా లేదా చూడాలి. పక్కవాడు తొందరపెడుతున్నాడని ఇంకో తూటా పెట్టకూడదు. ఇది ఫ్యాక్టరీ తూటాలకు కూడా వర్తిస్తుంది, కానీ ఫ్యాక్టరీ తూటాలో ఇది ఎప్పుడో గానీ జరగదు.

పెల్లెట్ల బదులు నాణేలు కూర్చిన తూటాల గురించి కూడా వినే ఉంటారు. అమెరికా 10 సెంట్ల నాణెం, డైమ్, 12 గేజ్‌కు సరిగ్గా సరిపోతుందని చెబుతారు. డైమ్ వ్యాసం 17.9 మిల్లీమీటర్లు. గొట్టం 18.5, కాబట్టి పడుతుంది. ఫుల్ చోక్ 17.6, పట్టదు. సీసం మెత్తన, నలిగి దాటుతుంది. 1965కు ముందు డైమ్‌లో 90 శాతం వెండి, మిగతాది రాగి. తర్వాతవి రాగి, నికెల్. ఇవేవీ సీసంలా నలగవు. ఒక నాణెం అడ్డంగా తిరిగినా చోక్ దగ్గర గొట్టం చివర విచ్చుకోవచ్చు. పైగా నాణేలు గాల్లో పల్టీలు కొడుతూ ఎటు పోతాయో చెప్పలేం. మేకులు, గాజుపెంకులు, గులకరాళ్లు కూర్చినవాటి గురించి విడిగా రాయడానికి ఏమీ లేదు. గొట్టాన్ని గీరేస్తాయి, గురి ఉండదు, పక్కన నిలబడ్డవాడికి కూడా తగులుతాయి.

ఉప్పు తూటా మీద కాస్త ఆగాలి, ఎందుకంటే దాన్ని చాలామంది ప్రమాదం లేనిదనుకుంటారు. తోటలో దొంగలను బెదిరించడానికి పాతకాలం రైతులు రాళ్ల ఉప్పు కూర్చేవారని కథలు ఉన్నాయి. దగ్గర నుంచి అది చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. అమెరికాలో చట్టం దృష్టిలో మనిషి మీద తుపాకీ కాల్చడం మామూలుగా ప్రాణాంతకమైన బలప్రయోగమే, లోపల ఉప్పు ఉందా సీసం ఉందా అన్నది మిమ్మల్ని కాపాడదు. తుపాకీ పరంగా చూసినా ఉప్పు బాగా తేలిక. మందుకు ఎదురుగా తగినంత బరువు లేకపోతే ఒత్తిడి పెరగక అది పూర్తిగా కాలదు, వ్యాడ్ గొట్టంలోనే ఉండిపోయే అవకాశం ఉంది. మిగిలిన ఉప్పు తేమను లాగి లోపల తుప్పు గుంటలు చేస్తుంది.

మీ పెట్టెలోని గాటు లేని తూటాలు ఎందుకు వద్దన్నానో చెప్పాలి. కాగితపు డొప్ప తేమకు ఉబ్బుతుంది. అటక మీద ఎన్ని వేసవులు, ఎన్ని చలికాలాలు గడిచాయో తెలియదు. మందు పాడై ఉండొచ్చు, ప్రైమర్ బలహీనపడి ఉండొచ్చు, అంటే స్క్విబ్. వాటిలో కొన్ని ఇంట్లో తిరిగి నింపినవి అయితే ఇంకా ఘోరం. దానికి ఒక పాత కారణం ఉంది. పెట్టెల మీద "3 డ్రామ్ ఈక్వివలెంట్" అన్నట్టు అచ్చు వేసేవారు. పాత నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) 3 డ్రాములు, అంటే 5.3 గ్రాములు, వేస్తే వచ్చే వేగం ఈ తూటాకు వస్తుందని దాని అర్థం. లోపల ఉండే పొగలేని మందు గ్రాము పైచిలుకే. అది తెలియక కొందరు నల్ల తుపాకీమందు కొలగిన్నెతో పొగలేని మందు నింపారు. అలాంటి తూటాకు ఏ షాట్‌గన్ గొట్టమూ ఆగదు. ఎవరు నింపారో, ఏ గిన్నెతో నింపారో తెలియని తూటాను అందుకే నేను ముట్టుకోను. పైనుంచి చూస్తే దానికీ మంచి తూటాకూ తేడా తెలియదు.

తుపాకీ విషయంలోనూ రెండు అనుమానాలు ఉన్నాయి. గొట్టం మీద చెక్కలోని చారల్లా, నీటి అలల్లా డిజైన్ కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికించి చేసేవారు. అవి నల్ల తుపాకీమందు కాలానికి చేసినవి, అతుకుల లోపల తుప్పు ఎంత దూరం పోయిందో పైకి కనిపించదు. రెండోది ఛాంబర్ పొడవు. పాత తుపాకుల్లో కొన్ని ఇప్పటి 2¾ అంగుళాల తూటా కన్నా పొట్టి ఛాంబర్‌తో ఉంటాయి. ఇక్కడే జనం మోసపోతారు. తూటా మీద రాసే పొడవు కాల్చాక మూతి విచ్చుకున్నప్పటి పొడవు. కాల్చకముందు అది పొట్టిగా ఉండి పొట్టి ఛాంబర్‌లో హాయిగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది. కాల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు లేక కోన్‌లోకి పొడుచుకుని దారిని ఇరుకు చేస్తుంది.

ఇంట్లో వేరే గేజ్ తూటాలు కూడా ఉంటే వాటిని ఒకే జేబులో, ఒకే సంచిలో వేయకండి. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ ఛాంబర్‌లో పెడితే అది జారి ముందుకుపోయి కోన్ దగ్గర ఆగుతుంది. ఛాంబర్ ఖాళీగా కనబడుతుంది. దాని వెనక 12 గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలి చెయ్యి పోతుంది. అమెరికాలో 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది ఈ ప్రమాదం కోసమే. మీ పాత కాగితపు తూటాలకు ఆ రంగు నియమం వర్తించదు.

"వీడియోలో నాలుగు కాల్చారు, ఏమీ కాలేదు" అన్న మాటకు జవాబు పైన వచ్చేసింది. ఆ నాలుగూ వేరు, మీ చేతిలోది వేరు. డొప్ప వేరు, గాటు వేరు, చోక్ వేరు, గొట్టం వయసు వేరు. అలాంటి వీడియోలు జాగ్రత్తగా చేసేవాళ్లు రిమోట్ తాడుతో, అడ్డుగోడ వెనక నుంచి కాలుస్తారు. ఆ తాడు ఒక్కోసారి ఫ్రేమ్‌లో కూడా కనిపించదు. చూసేవాళ్లకు తుపాకీ ఒక్కటే కనిపిస్తుంది.

స్లగ్ ఎలా ఉంటుందో చూడాలన్న సరదా ఉంటే, మంచి స్థితిలో ఉన్న కొత్త షాట్‌గన్‌తో, రేంజ్‌లో ఫ్యాక్టరీ ఫాస్టర్ స్లగ్ కాల్చండి. అది మెత్తని సీసం, వెనక గుల్లగా ఉంటుంది, పక్కన ఉండే గట్లు చోక్‌లో నలిగి దాటడానికి పనికొస్తాయి. బరువు సాధారణంగా ఒక ఔన్స్, 28 గ్రాములు. ఏ చోక్‌తో కాల్చవచ్చో తుపాకీ మాన్యువల్‌లో ఉంటుంది, అది చదవండి. వేటకు అయితే మీ రాష్ట్రం నిబంధనలు చూడాలి. జింకకు ఏ తూటా వాడాలన్నది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. కొన్ని రకాల తూటాలు అసలే నిషిద్ధం, ఉదాహరణకు ఫ్లోరిడాలో నిప్పులు చిమ్మే డ్రాగన్స్ బ్రెత్, తీగతో కలిపిన గుండ్ల బోలో తూటాలు చట్టవిరుద్ధం.

ఇప్పుడు మీ అటక పని. ముందు తుపాకీ తెరిచి రెండు ఛాంబర్లూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి, తెరిచే దాకా గొట్టం మనుషుల వైపు తిరగకూడదు. తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా అలాగే వదిలేసి గన్‌స్మిత్‌ను ఇంటికి పిలవండి. ఆయన ఛాంబర్ పొడవు, గోడ మందం, చోక్ కొలిచి, ఉబ్బులు ఉన్నాయేమో చూసి చెబుతారు. కాల్చడానికి పనికిరాదని తేలినా గోడకు పెట్టుకోవడానికి బాగుంటుంది, అందులో నష్టమేమీ లేదు.

తూటాలను విప్పకండి, చెత్తబుట్టలో వేయకండి, మంటలో వేయకండి. నీళ్లలో నానబెడితే చచ్చిపోతాయని కొందరు చెబుతారు, దాన్ని నమ్మకండి. గాటు ఉన్నవాటిని వంచకుండా, విడిగా, గట్టి డబ్బాలో నిలబెట్టి, పిల్లలకు అందని పొడి చోట ఉంచి, డబ్బా మీద "కాల్చరాదు" అని రాయండి. తర్వాత మీ కౌంటీ షెరీఫ్ ఆఫీసుకో స్థానిక పోలీసులకో ఎమర్జెన్సీ కాని నంబర్‌కు ఫోన్ చేసి, పాత తూటాలు ఉన్నాయి, కొన్ని కోసినవి అని ముందే చెప్పండి. తీసుకురమ్మంటారా, వాళ్లే వస్తారా అన్నది వాళ్లే చెబుతారు. చెప్పకుండా డబ్బా పట్టుకుని స్టేషన్‌లోకి నడవకండి. అట్టపెట్టె మాత్రం పారేయకండి. పాత తూటాల పెట్టెలు సేకరించేవాళ్లు ఉన్నారు, అంచులు చిరగకుండా ఉంటే ఖాళీ పెట్టెకు కూడా విలువ ఉంటుంది.